జైలు సెట్టుకూ పనికిరాని మంచం

చెన్నైలో విరిగిన కుర్చీని వదిలించుకోవాలంటే మేడ మీద పడేసి వానకు వదిలేయొచ్చు. పాత సామాన్లవాణ్ణి పిలవొచ్చు, కానీ వాడు దాన్ని చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ నవ్వు భరించలేనివాళ్ళు అదే కుర్చీకి దానం అని పేరు పెట్టి ఒక నంబరుకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ మోగేది కోడంబాక్కంలో, మా లైను ఇళ్ళలో మూడో గుమ్మంలో, కోకిలక్క ఒళ్ళో.

ఒక చిన్న ట్రస్టు ఉంది. జనానికి అక్కర్లేని మంచాలు, బీరువాలు, గిన్నెలు, ఇంటికే వ్యాను పంపి ఉచితంగా ఎత్తుకెళ్ళి లేనివాళ్ళకు ఇస్తుంది. వ్యాను నడిపేది నాగప్పన్. ఏ రోజు ఎవరింటికి వెళ్ళాలి, ఏది తీసుకోవాలి, ఎవర్ని తిట్టాలి అనేవి కోకిలక్క చూసుకుంటుంది. తిట్టమని ట్రస్టువాళ్ళు చెప్పలేదు. అది ఆమె తన వంతు సేవగా చేస్తుంది.

"అలో. ఏం ఇస్తారు సార్? సోఫానా. ఎంతమంది కూర్చునేది? ముగ్గురా. సెరి, ఇప్పుడు ఎంతమంది కూర్చుంటా ఉండారు? ఎవురూ కూర్చోరా? ఎందుకని? ఓహో, స్ప్రింగు గుచ్చుకుంటాదా. మీకు గుచ్చుకునేది వాళ్ళకు గుచ్చుకోదా సార్? పేదోళ్ళ వెనకపక్క రబ్బరుతో చేసుంటారా?"

అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు. కోకిలక్క ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఒక తమలపాకు వేసుకుంటుంది. కొన్ని రోజులు సాయంత్రానికి నోరు ఎర్రగా పండిపోయి ఉంటుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. నాన్న నెల్లూరు వైపు నుంచి వచ్చి స్టూడియోలో వడ్రంగిగా చేరాడు. ప్యాకింగు చెక్కతో సింహాసనాలు చేసేవాడు. కూతురు పదిహేడేళ్ళకే అదే స్టూడియోలో సామాన్ల గదిలో పనికి కుదిరింది. రాజుగారి మంచం, పేదవాడి కుక్కి మంచం, జడ్జిగారి బల్ల, విలన్ సోఫా అన్నీ ఆమె చేతికిందే ఉండేవి. ఒకరోజు ఒక మహారాజు మంచి కోపంలో వచ్చి సింహాసనం మీద దబ్బున కూర్చున్నాడు. సింహాసనం రెండుగా చీలింది. కిరీటం దొర్లుకుంటూ లైట్ల కిందికి పోయింది, మహారాజు నడుం పట్టుకుని వ్యానెక్కాడు, షూటింగు ఆగిపోయింది. అప్పట్నుంచి ఏ హీరో కూర్చునే ముందయినా ఆ కుర్చీలో ఇంకెవరో ఒకరు కూర్చుని చూడాలని ఆర్డరు వేశారు. ఆ ఇంకెవరో ఒకరు కోకిలక్క. అలా ఏడుగురు చక్రవర్తులకన్నా ముందు సింహాసనం ఎక్కింది ఆమే. ఎక్కి, వేరుశనక్కాయలు తిని, "బాగుండాది, రాజును పిలవండి" అని దిగేది.

స్టూడియో కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. కోకిలక్క ట్రస్టులో చేరింది. చేరిన మొదటి వారమే ఒక రూలు పెట్టింది. కుర్చీ ఇచ్చేవాళ్ళు ముందు ఆ కుర్చీలో కూర్చోవాలి. మంచం ఇచ్చేవాళ్ళు పడుకోవాలి. నాగప్పన్ ఒక టీ తాగడం అయ్యేదాకా లేవకూడదు. సామాను నిలబడితేనే వ్యానెక్కుతుంది.

"మమ్మల్నే నమ్మరా?" అని కొందరు మొహం ముడుచుకునేవాళ్ళు.

"మిమ్మల్ని నమ్ముతా మేడమ్. మీ కుర్చీనే నమ్మను."

ఈ రూలు వల్ల మన ఊరివాళ్ళ దానగుణం ఎంతో తేలిపోయింది. మూడుకాళ్ళ స్టూలిచ్చి నాలుగో కాలు తర్వాత కొరియర్ చేస్తానన్నవాడున్నాడు. కుక్క పడుకున్న ఆకారం అచ్చుగుద్దినట్టున్న పరుపు ఇస్తూ, "బ్రాండెడ్ అండీ" అన్న ఆవిడ ఉంది. "కుక్కను కూడా ఇస్తారా, దాని కొలతకే ఉండాది" అని అడిగింది కోకిలక్క. రేకులు లేని ఇడ్లీ పాత్ర ఇచ్చినాయన, ఇవ్వడం అయ్యాక దానితో ఫోటో కూడా దిగాడు. ఆ ఫోటో మా లైనులో అందరూ చూశాం. ఒక నెలపాటు నవ్వుకోవడానికి సరిపోయింది, ఆ రకంగా చూస్తే నిజంగానే దానం.

ఇంత తెలివిగల మనిషికీ ఒక లోపం ఉంది. స్టూడియోలో సామాను మొత్తానికి రంగు వేయరు. కెమెరాకు కనపడే వైపు వేసి వదిలేస్తారు. ముప్ఫై ఏళ్ళు కెమెరా వైపే చూసిన కన్ను కోకిలక్కది. చేత్తో తట్టి చూసేటప్పుడు మోసపోదు. ఫోటోలో చూస్తే మాత్రం కన్ను ముందే పోయి కెమెరా వైపు కూర్చుంటుంది. ఈ సంగతి చెల్లమ్మ మంచం దగ్గర బయటపడింది.

చెల్లమ్మ చింతాద్రిపేట చేపల మార్కెట్లో రొయ్యలమ్మేది. తడినేల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. పంపిస్తూ డాక్టరు ఒకటే మాట చెప్పాడు. నేలమీద కూర్చోకూడదు, పడుకోకూడదు. మంచం కుర్చీ అంత ఎత్తుండాలి, లేవడానికి చేత్తో పట్టుకునే గట్టి ఆధారం ఉండాలి. నేలమీద పడుకుంటే బిగించిందంతా జారుతుంది, మళ్ళీ కోయాలి. చెల్లమ్మ ఇల్లు కూవం నది పక్కన ఒక్క గది. ఆ గదిలో చాపే ఉంది.

"నువ్వు రా. నువ్వొచ్చేలోగా మంచం ఉంటాది" అని ఆస్పత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చింది కోకిలక్క. చిన్నప్పుడు ఒకే వీధిలో పెరిగినవాళ్ళు, ఒకర్నొకరు ఎప్పుడూ మంచిమాట అనుకోనివాళ్ళు. అందుకే చెల్లమ్మ, "నీ మాట నమ్మి నేను రెండో కాలు కూడా విరగ్గొట్టుకోవాల" అంది.

మాట ఇచ్చేసిందిగానీ ట్రస్టు గోడౌనులో ఒక్క మంచం లేదు. ఆడినెల, అంటే తమిళుల ఆషాఢం, అప్పుడే అయిపోయింది. ఆ నెలలో ఎవరూ ఇళ్ళు మారరు, కాబట్టి ఎవరూ ఏమీ వదిలించుకోరు. నెలంతా వచ్చినవల్లా రెండు గోడ గడియారాలు, ఒక ఉయ్యాల గొలుసు.

బుధవారం రెండు ఫోటోలు వచ్చాయి.

మొదటిది వాషర్‌మెన్‌పేట్ నుంచి. పంపింది వరదయ్య. మూడు తరాలుగా ఎండుమిరపకాయల మండీ నడిపే కుటుంబం, డెబ్భై దాటిన మనిషి. ఫోటోలో ఒక ఇనప మంచం. ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, తలవైపు నిటారుగా ఏడు ఊచలు. కోకిలక్క చూసిన వెంటనే ఫోన్ చేసింది.

"ఏంది సార్ ఇది, మంచమా గేటా?"

"మా నాయన పండుకున్న మంచం అమ్మా. యాభై అరవై ఏండ్లుగా మా ఇంటి ముందరగదిలో, మండీలోనే ఉండాది. మంచి గట్టిది."

"గట్టిదే సార్, ఖైదీ పారిపోడు. నేను స్టూడియోలో ఎన్నో జైళ్ళు చూసినా, జైలు సెట్టుకు కూడా ఇది పనికిరాదు. పేదోళ్ళంటే ఇంత ఇలక్కారమా?"

వరదయ్య, "సెరి తల్లీ, నువ్వు మహారాణివి" అని పెట్టేశాడు.

కోకిలక్క ఒక తమలపాకు వేసుకుంది.

రెండో ఫోటో కోడంబాక్కంలోనే, పదిహేనో అంతస్తు నుంచి. పంపింది వెంకట్రామ్, విజయవాడ నుంచి వచ్చి ఐటీలో పనిచేస్తున్న కుర్రాడు. ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్తున్నాడు. ఫోటోలో మంచం మెరుస్తోంది. తలవైపు మెత్తటి దిండు కుట్టిన పలక, దానికి బంగారు రంగు బొత్తాలు, కింద సామాన్ల అర. కుర్చీ అంత ఎత్తు. కోకిలక్క కళ్ళు చెమర్చాయి. "చెల్లమ్మ దీనిమీద పండుకుంటే ఆస్పత్రోళ్ళే వచ్చి చూసి పోతారు" అంది.

"శుక్రవారం వచ్చేయండి మేడమ్. కానీ అన్నీ తీసుకెళ్ళాలి. మంచం ఒక్కటే అంటే కుదరదండీ" అన్నాడు వెంకట్రామ్.

ఆమె ఎప్పుడూ ఒప్పుకోని షరతు అది. ఒప్పుకుంది.

శుక్రవారం పదింటికి నాగప్పన్, కోకిలక్క పదిహేనో అంతస్తు చేరారు. అన్నీ అంటే ఏంటో హాల్లో కుప్పగా ఉంది. బట్టలారేసుకోవడానికే వాడిన నడక మిషను, చచ్చిన చేపలతోనే ఉన్న గాజుతొట్టి, జారు లేని మిక్సీలు రెండు, మిక్సీ లేని జార్లు మూడు, ఏదో ఆఫీసు పేరున్న పదకొండు నీళ్ళ సీసాలు, ఎవరో బహుమతిగా ఇస్తే విప్పకుండానే బూజుపట్టిన దేవుడి పటం.

"ఇవన్నీ మంచి కండిషనేనండీ" అన్నాడు వెంకట్రామ్.

"ఈ చేపలు కూడానా?"

"అంటే మేడమ్, పాపం ఎవరికైనా ఉపయోగపడతాయని..."

"ఉపయోగపడితే నువ్వు ఉపయోగించేవాడివి కదా నాయనా. నీకు చెత్తబండి వాడంటే భయం, అందుకు మమ్మల్ని పిలిచినావు. పరవాలా. మంచం చూపించు."

మంచం ఫోటోలో ఉన్నట్టే ఉంది. కోకిలక్క బంగారు బొత్తాల మీద చెయ్యి వేసి నిమిరింది. తట్టలేదు. నాగప్పన్ ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

"పండుకోండి సార్" అన్నాడు.

"ఏంటి?"

"రూలు సార్. నేను టీ తాగేదాకా."

వెంకట్రామ్ నవ్వుకుంటూ బూట్లు విప్పి పడుకున్నాడు. కాళ్ళు చాపాడు. ఫోన్ తీసి, పడుకున్న ఫోటో తీసుకోబోయాడు. నాగప్పన్ రెండో గుక్క తాగాడు. మంచం లోపల ఎక్కడో చిన్నగా కిరకిరమంది, అప్పడం నమిలినట్టు. మూడో గుక్కకు మధ్య పలక కుంగింది. వెంకట్రామ్ నడుం అరలోకి దిగిపోయి, కాళ్ళూ చేతులూ పైన మిగిలాయి. పలక విరిగినచోట కర్ర లేదు. నీళ్ళు తగిలి ఉబ్బిన రంపంపొట్టు రాలుతోంది.

"అక్కా, ఇది కట్టిల్ కాదక్కా, బిస్కెట్టు" అన్నాడు నాగప్పన్. "టీలో ముంచేసినాం."

"లేపండి ముందు!" అని అరలోంచి కేక.

కోకిలక్క లేపలేదు. మంచం పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. ఏడుగురు చక్రవర్తుల్ని కూర్చోబెట్టిన మనిషి బంగారు బొత్తాలకు పడిపోయింది. ఈసారి తిట్టడానికి మనిషి దొరకలేదు. దొరికిన ఒక్కరూ ఆమే.

నాగప్పనే కుర్రాణ్ణి బయటికి లాగాడు. కుర్రాడు దులుపుకుని, "మరి మిగతావి తీసుకెళ్తారా?" అని అడిగాడు. అలాంటివాళ్ళుంటారు. అరలోంచి లేచాక కూడా చేపల తొట్టి గురించే ఆలోచిస్తారు.

"తీసుకెళ్తాం. మాటంటే మాట" అంది కోకిలక్క లేస్తూ. అన్నీ కిందికి దించి, ఆ అపార్టుమెంటు గేటు దగ్గరే చెత్తబండి ఆపించి, ఒక్కొక్కటే దాంట్లో వేయించింది, వెంకట్రామ్ పేరు గట్టిగా చదువుతూ. "పదిహేనో అంతస్తు వెంకట్రామ్ గారి దానం, చేపల తొట్టి! వెంకట్రామ్ గారి దానం, జారు లేని మిక్సీ!" వాచ్‌మెన్‌లు ఇద్దరూ లేచి నిలబడ్డారు. దేవుడి పటం మాత్రం తుడిచి వ్యాను ముందర పెట్టుకుంది.

అప్పుడు పన్నెండయింది. చెల్లమ్మ రావడానికి ఒక్క రోజు. కోకిలక్క వరదయ్యకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మూడోసారి మోగకుండానే కట్టయింది.

"వాషర్‌మెన్‌పేట్ పోనీ" అంది.

"అక్కా, ఈరోజు శుక్రవారం. ఆ ఇంట్లోంచి ఒక సూది కూడా బయటికి ఇయ్యరు."

"తెలుసు."

"రేపు శనివారం. ఇనుము ఇంటికి తెస్తే చెల్లమ్మే ఒప్పుకోదు."

"తెలుసురా! నువ్వు వ్యాను నడుపు, పంచాంగం నేను చూసుకుంటా."

వీధి ఇరుకు, మూటలు మోసే బండ్లు అడ్డం. వరదయ్య ఇల్లు చేరేసరికి రెండు దాటింది. ముందువైపు తిన్నె. ఆ తిన్నె మీద ఆకుపచ్చ ఇనప మంచం. దానిమీద విసనకర్రతో వరదయ్య, ఎవరికోసమో కాచుకుని కూర్చున్నట్టు.

"ఎవరూ, మహారాణమ్మా?" అన్నాడు.

"సార్, ఆ మంచం..."

"ఇదా? ఇది గేటమ్మా. మూడింటికి పాత ఇనుమువాడు వస్తా ఉండాడు, తూకానికి ఇచ్చేస్తా. నువ్వు చెప్పినాక నాకూ అట్లే అనిపించె. నిన్న ఆ కోపంలోనే నలుగురితో మోయించి బయట పెట్టించినా."

కోకిలక్క జీవితంలో మొదటిసారి చేతులు రెండూ జోడించింది. మా లైనులో ఇది చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నాగప్పన్ దేవుడి పటం మీద ఒట్టేసి చెప్పాడు.

"తప్పయింది సార్. రేపు ఆస్పత్రి నుంచి ఒకామె వస్తాది. నేలమీద పండుకుంటే మళ్ళీ కోస్తారు. నాకు ఈ మంచం కావాల."

వరదయ్య విసనకర్ర ఆపాడు. మొహం మెత్తబడింది, కానీ వెంటనే ఇబ్బందిగా గుమ్మం వైపు చూశాడు. "ఇయ్యాలని ఉండాదమ్మా. శుక్రవారం కదా. మా ఇంట్లో..."

లోపల్నుంచి ఆయన భార్య వసంతలక్ష్మి గొంతు వచ్చింది. మనిషి కనపడలేదు, పోపు వాసన మాత్రం వచ్చింది.

"అది గడప దాటింది నిన్న గురువారం. నిన్ననే పోయిన సామానుకు ఈరోజు శుక్రవారం ఏంది? ఇచ్చేయి. తిన్నె మీద అడ్డంగా ఉండాది, ముగ్గుకు చోటు లేదు."

తీర్పు అయిపోయింది. కోకిలక్క మంచం వైపు అడుగేసింది. వరదయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. మీకేదో రూలుందంట కదా. మా వీధిలో అందరికీ తెలుసు. పండుకొని చూడాల."

"ఇచ్చేవాళ్ళు పండుకోవాల సార్."

"నేను దీనిమీద ఎన్నో ఏండ్లు పండుకున్నా. జైలు అన్నది నువ్వు. నువ్వే పండుకో."

వీధి సగం ఆగిపోయింది. మూటల బండివాడు బండి దించేశాడు. కోకిలక్క కొంగు బిగించి, తిన్నె ఎక్కి, మంచం మీద వెల్లకిలా పడుకుంది. నాగప్పన్ టీ పోసుకున్నాడు. ఈసారి చిన్న చిన్న గుక్కలుగా, ఊదుకుంటూ తాగాడు. అలాంటి అవకాశం మళ్ళీ రాదని వాడికి తెలుసు. మంచం కిర్రుమనలేదు. కానీ పట్టీల సందుల్లో అన్నేళ్ళుగా దాక్కున్న మిరపఘాటు లేచింది. కోకిలక్క తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. పదకొండు తుమ్ములు లెక్కపెట్టారు వీధిలోవాళ్ళు. ఒక్కో తుమ్ముకూ ఆమె ఎగిరిపడింది, మంచం మాత్రం అంగుళం కదల్లేదు.

"ఎట్లా ఉండాదమ్మా?" అన్నాడు వరదయ్య.

"బాగుండాది" అంది కళ్ళు తుడుచుకుంటూ. "రాజును పిలవండి."

లేవబోయింది. తుమ్మి తుమ్మి నడుం పట్టేసింది. చెయ్యి వెనక్కి చాచింది. ఊచ దొరికింది. పట్టుకుని ఒక్క లాగులో లేచి కూర్చుంది. అలాగే కూర్చుని ఆ ఊచల వైపు కాసేపు చూసింది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు ముందే మంచం చింతాద్రిపేటలో దిగింది. శనివారం కాకముందే ఇనుము ఇల్లు చేరింది. మంచాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కడిగి, తుమ్మొస్తుందేమోనని మళ్ళీ కడిగింది కోకిలక్క.

శనివారం చెల్లమ్మ ఆటోలో వచ్చింది. వాకరు పట్టుకుని గుమ్మం దాకా నడిచి, లోపలికి చూసి ఆగిపోయింది.

"ఏమే కోకిలా, ఆస్పత్రి నుంచి విడిపించి జైల్లో పెట్టేదానికి తెచ్చినావా? ఇంతకన్నా మంచిది దొరకలా నీకు?"

నాగప్పన్ తల తిప్పుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. కోకిలక్క ఆమె జబ్బ పట్టుకుని మంచం దగ్గరికి తెచ్చింది.

"మంచిది కూడా ఒకటి దొరికింది. దానికి బంగారు బొత్తాలు. నువ్వు కూర్చుంటే ఈపాటికి నిన్ను గరిటెతో తీస్తా ఉంటాం. గమ్మున కూర్చో."

చెల్లమ్మ కూర్చుంది. కాళ్ళు సరిగ్గా నేలకు ఆనాయి. పడుకుంది. కాసేపటికి ఎవర్నీ పిలవకుండా, చెయ్యి వెనక్కి చాచి ఊచ పట్టుకుని తనంతట తాను లేచింది. లేచినందుకు తనకే ఆశ్చర్యమేసి మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచింది. అలా నాలుగుసార్లు.

"రంగు బాలేదు" అంది చివరికి, ఊచ వదలకుండానే.

అప్పుడే కోకిలక్క ఫోన్ మోగింది.

"అలో. ఏం ఇస్తారు? మంచమా. వద్దు సార్, ఫోటో పంపించొద్దు. ఆ ఫోను పక్కన పెట్టి, మీరే దానిమీద పండుకోండి. నేను లైన్లోనే ఉంటా. ఏమైనా విరిగితే ఈడికి వినపడతాది."